పొయ్యి మీది పాలు ఎవరు దించాలి?

ఆగస్టు 1 నుంచి 7 దాకా ప్రపంచ తల్లిపాల వారోత్సవం. 1992 నుంచి ఏటా జరుగుతోంది. ఆ వారం రోజులూ మన వేలూరులో ఆస్పత్రి గోడ చూసినా, గుడియాత్తంలో అంగన్‌వాడీ గుమ్మం చూసినా ఒకటే బొమ్మ. నవ్వుతున్న తల్లి, ఒడిలో బిడ్డ, కింద తల్లిపాలు అమృతమని చెప్పే ఒక వాక్యం. అందులో తప్పేమీ లేదు. కానీ ఆ పోస్టరు ఎవరితో మాట్లాడుతోందో ఒకసారి గమనించండి. తల్లితో మాత్రమే. పక్కన నిలబడి చూసే భర్తతో మాట్లాడదు, అత్తతో మాట్లాడదు, బీడీల కంపెనీ వాళ్ళతో మాట్లాడదు, బస్సులో ఎదురు సీటులో కూర్చున్న పెద్దమనిషితో మాట్లాడదు. పాలు ఇవ్వడం పూర్తిగా తల్లి మనసుకు సంబంధించిన విషయం అన్నట్టు, ఆమెకు నచ్చజెప్తే చాలు అన్నట్టు ఉంటుంది.

నా అభిప్రాయం వేరే. తల్లికి తెలియక పాలు ఆగిపోవడం ఈ రోజుల్లో తక్కువ. ఆమెకు టైము ఇచ్చేవాళ్ళు, చోటు ఇచ్చేవాళ్ళు, ధైర్యం చెప్పేవాళ్ళు లేక ఆగిపోవడమే ఎక్కువ. అంటే ఈ లెక్కలో జవాబు చెప్పాల్సింది తల్లి ఒక్కతే కాదు. మనం అందరం.

మొదట అంకెలు చూద్దాం. 2019–21లో జరిగిన ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన తమిళనాడులో వందకు 99కి పైగా కాన్పులు ఆస్పత్రుల్లోనే జరుగుతున్నాయి. ఇది గర్వపడాల్సిన విషయమే. పుట్టిన గంటలోపు తల్లిపాలు అందుకున్న బిడ్డలు ఇక్కడ వందకు సుమారు 60 మంది. దేశం మొత్తం మీద అది 42 దగ్గరే ఉంది. తెలంగాణలో అయితే 37. అక్కడ సిజేరియన్లు చాలా ఎక్కువ, వందకు దాదాపు 61. మన దగ్గర 45. ఆపరేషన్ అయిన తల్లి ఒడిలోకి బిడ్డ రావడం ఆలస్యమవుతుంది, అది అర్థం చేసుకోవచ్చు. ఇంతవరకు చూస్తే మనమే ముందున్నాం.

ఇప్పుడు రెండో అంకె. ఆరు నెలల లోపు బిడ్డల్లో తల్లిపాలు తప్ప ఇంకేమీ, ఆఖరికి నీళ్ళు కూడా తాగనివాళ్ళు ఎంతమంది? దేశంలో వందకు 64 మంది. ఆంధ్రప్రదేశ్‌లో, తెలంగాణలో 68 దాకా. తమిళనాడులో సుమారు 55 మందే. మొదటి గంటలో దేశం సగటు కంటే ముందు పరుగెత్తినవాళ్ళం, తర్వాత దేశం సగటు కంటే కిందికి జారిపోయాం. తెలంగాణలో దానికి తలకిందులు. మొదలు ఆలస్యంగా పెట్టినా తర్వాత ఎక్కువమంది కొనసాగిస్తున్నారు.

ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూసినప్పుడు నాకు ఒకటి అనిపించింది. మొదటి గంట ఆస్పత్రి చేతిలో ఉంటుంది. నర్సు ఉంటుంది, డాక్టర్ ఉంటారు, రూలు ఉంటుంది. ప్రభుత్వం గట్టిగా అనుకుంటే ఆ గంటను బాగుచెయ్యగలదు, మన దగ్గర చాలావరకు చేసింది కూడా. కానీ ఆ తర్వాతి ఆరు నెలలు ఆస్పత్రి చేతిలో లేవు. అవి ఇంటి చేతిలో, వీధి చేతిలో, పని చేతిలో ఉన్నాయి. మనం ఫెయిలవుతున్నది అక్కడే.

మనం భాగవతం చదువుకున్నాం కదా. దశమ స్కంధంలో యశోద పెరుగు చిలుకుతుంటే కృష్ణుడు వచ్చి పాలకు మారాం చేస్తాడు. ఆమె ఒడిలోకి తీసుకొని పాలిస్తుంది. అంతలో పొయ్యి మీద పాలు పొంగుతాయి. బిడ్డ కడుపు నిండకముందే కింద దించేసి పరుగెత్తుతుంది. బిడ్డకు కోపం వచ్చి కుండ పగలగొడతాడు. తర్వాత ఆయన్ని రోటికి కట్టెయ్యడం, ఆ కథంతా మనకు తెలుసు. క్లాసులో మనం ఆ ఘట్టంలో వాత్సల్యం ఎలా ఉందో, భక్తి ఎలా ఉందో రాస్తాం. నాకు మాత్రం ఈసారి పొయ్యి కనిపించింది. నందుడి ఇంట్లో ఆవులకు కొదవ లేదు, మనుషులకూ కొదవ లేదు. అయినా ఆ సమయానికి పొయ్యి మీది పాలు దించడానికి యశోద తప్ప ఇంకెవరూ లేరు. ఆమె ప్రేమలో లోటు ఎవరూ చూపలేరు. కానీ బిడ్డ నోటిలోంచి పాలు తప్పాయి. మన ఇళ్ళల్లో రోజూ జరిగేది ఇదే.

మా ఇల్లు గుడియాత్తంలో. నాన్న వైపు తెలుగు, అమ్మ వైపు తమిళం. మా అక్క మొదటి కాన్పుకు పుట్టింటికి వచ్చినప్పుడు ఇంట్లో రెండు రాష్ట్రాల పద్ధతులు ఒకే మంచం చుట్టూ చేరాయి. మా అవ్వ పలమనేరు దగ్గరి మనిషి. ఉగ్గుగిన్నె తీసి తోమి పెట్టింది. చనుబాలలో ఆముదం రంగరించి పోస్తేనే బిడ్డకు కడుపు శుభ్రమవుతుందని ఆమె నమ్మకం. మా పాటి వాళ్ళింట్లో సేనై వెయ్యాలి. అంటే ఇంట్లో మంచి పేరున్న పెద్దవాళ్ళు చక్కెర నీళ్ళు బిడ్డ నాలుక మీద రాస్తే ఆ గుణాలే బిడ్డకు వస్తాయని. తర్వాత వసకొమ్ము. తర్వాత వీధిలోకి గాడిదను తోలుకొని వచ్చేవాళ్ళ దగ్గర ఒక సంగు గాడిద పాలు, గొంతు బాగా రావాలని. ఇద్దరి మధ్య వేరే ఏ విషయంలోనూ ఏకాభిప్రాయం ఉండదు. తల్లిపాలు ఒక్కటే చాలవు అనే మాటలో మాత్రం ఇద్దరూ ఒకటి.

నేను ఇద్దర్నీ ఎగతాళి చెయ్యడానికి ఇది రాయడం లేదు. ఆ అలవాట్ల వెనక ప్రేమే ఉంది. మన భాషలో కూడా అదే ఉంది. ఏదైనా బాగా వచ్చిన విద్యను ఉగ్గుపాలతో వచ్చింది అంటాం. గలగలా మాట్లాడే పిల్లను చూసి చిన్నప్పుడు వస ఎక్కువ పోశారా అంటాం. నన్ను ఎన్నిసార్లు అన్నారో లెక్క లేదు. కానీ ప్రేమతో పోసినా బిడ్డ కడుపుకు ఒకటే లెక్క. చక్కెర నీళ్ళు పట్టిన ప్రతిసారీ చిన్న కడుపు నిండుతుంది, బిడ్డ తల్లి దగ్గర తక్కువ చీకుతుంది. తక్కువ చీకితే పాలు తక్కువ ఊరతాయి. ఏడాది లోపు బిడ్డకు తేనె నాకించడం అయితే ప్రమాదం కూడా. ముర్రుపాలను, తమిళంలో సీంపాల్ అంటారే వాటిని, పసుపుపచ్చగా చిక్కగా ఉన్నాయని పిండి పారేసేవాళ్ళు ఇంకా ఉన్నారు. బిడ్డకు రోగాలను తట్టుకునే శక్తి ఇచ్చే మొదటి టీకా లాంటివి అవి.

ఇంక మన ఊరి ఎండ సంగతి. వేలూరు ఎండ గురించి మీకు నేను చెప్పాలా? కత్తిరి వెయిల్ రోజుల్లో మనకే నాలుక పీక్కుపోతుంది. అవ్వ అడిగింది, ‘బిడ్డకు గొంతెండిపోదా, రవంత నీళ్ళు పొయ్యండే’ అని. న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు పోస్టరు మీద ఉండదు. తల్లిపాలలో వందకు 88 వంతులు నీళ్ళే. ఎంత ఎండలోనైనా ఆరు నెలల దాకా బిడ్డకు వేరే నీళ్ళు అక్కర్లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. ఎండకాలంలో దాహం తీర్చాల్సింది తల్లికి. కానీ మన ఇళ్ళల్లో సరిగ్గా ఎదురు జరుగుతుంది. పచ్చి బాలింత అని తల్లికి నీళ్ళు తగ్గిస్తాం, బిడ్డకు నీళ్ళు పోస్తాం! మా అక్కకు మొదటి వారం చెంబు లెక్కన నీళ్ళు ఇచ్చారు. మా వీధికి వచ్చే నర్సమ్మ వచ్చి, మంచం పక్కన నిండు కూజా పెట్టించింది. అవ్వకు అదే మాట ఎదురుగా కూర్చోబెట్టి, తెలుగులో, ఓపికగా చెప్పింది. అవ్వ విన్నది. విన్నాక ఇంట్లో ఆ రూలుకు కాపలా కాసింది కూడా అవ్వే. చుట్టాలు ఎవరైనా నీళ్ళు పట్టబోతే ఆమే అడ్డం వచ్చేది. అందుకే చెప్తున్నా, పోస్టరు మాట్లాడాల్సింది అవ్వలతో, వాళ్ళకు వచ్చిన భాషలో. మన సరిహద్దు ఊళ్ళల్లో తమిళం మాట్లాడినా చదవలేని తెలుగు ఇళ్ళు, ఉర్దూ ఇళ్ళు ఎన్నో ఉన్నాయి.

అన్నిటికంటే ఎక్కువ చెరుపు చేసే మాట ఒకటుంది. ‘పాలు సరిపోతున్నాయా?’ బాలింతను చూడ్డానికి వచ్చిన ప్రతి ఒక్కరూ ఇదే అడుగుతారు. బిడ్డ ఏడిస్తే, ‘పాపం, పాలు చాల్లేదు’ అంటారు. బిడ్డ ఎందుకైనా ఏడవచ్చు. ఉక్కపోతకు ఏడుస్తాడు, తడి గుడ్డకు ఏడుస్తాడు, ఎత్తుకోవాలని ఏడుస్తాడు. అన్నిటికీ పాలే కారణమైతే ఆ తల్లి ఏమైపోతుంది? ప్రపంచంలో చాలా చోట్ల తల్లులు డబ్బా పాలు మొదలుపెట్టడానికి ముఖ్యంగా చెప్పే కారణం, నా పాలు చాలడం లేదు అనే అనుమానం. చాలావరకు అది అనుమానమే. బిడ్డ రోజుకు ఆరేడుసార్లు మూత్రం పోస్తూ, బరువు పెరుగుతూ ఉంటే పాలు సరిపోతున్నట్టే. ఈ చిన్న గుర్తు పదిమందికి తెలిస్తే ఎన్నో డబ్బాలు కొనకుండా ఆగిపోతాయి.

దీనికి మన తెలుగులో మంచి మాట ఒకటి ఉంది. చేపడం. దూడను చూస్తే ఆవు చేపుతుంది అంటారు. దూడ మూతి తగలగానే పొదుగులోకి పాలు దిగుతాయి. అదే ఆడవాళ్ళకూ జరుగుతుంది, ఆక్సిటోసిన్ అనే హార్మోను వల్ల. భయం, నొప్పి, దిగులు ఉంటే అది ఆలస్యమవుతుంది. ఈ సంగతి పాడి ఉన్న ప్రతి రైతుకూ తెలుసు. పాలు పితికేటప్పుడు ఆవు దగ్గర ఎవర్నీ అరవనివ్వరు, కొత్తవాళ్ళను దగ్గరికి రానివ్వరు, గంగడోలు నిమురుతారు. ఆవు విషయంలో ఇంత తెలిసిన మనం బాలింత దగ్గర మాత్రం గట్టిగా మాట్లాడతాం. ఆడపిల్ల పుట్టిందని మూతి ముడుస్తాం, కాన్పు ఖర్చు ఎవరు పెట్టాలని ఆమె ముందే వాదించుకుంటాం.

ఇంక డబ్బా పాల గురించి. మన పెద్దవాళ్ళు పోతపాలు అంటారు. ఒకప్పుడు ఆ మాటలో జాలి ఉండేది, పాపం పోతపాల బిడ్డ అని. ఇప్పుడు జాలి పోయి గొప్ప వచ్చింది. డబ్బాను టీవీ పక్కన, అందరికీ కనబడేలా పెట్టే ఇళ్ళు నేను చూశాను. మా బిడ్డకు ఖర్చుకు వెనకాడం అని చెప్పడం అది. ఇది దానంతట అదే జరిగింది కాదు. పాలపొడి కంపెనీలు పేద దేశాల్లో అమ్మిన పద్ధతి మీద 1977లో అమెరికాలో నెస్లే బహిష్కరణ ఉద్యమం మొదలైంది. 1981లో ప్రపంచ ఆరోగ్య సభ పాలపొడి అమ్మకాల మీద ఒక నియమావళి పెట్టింది. మన దేశం 1992లో చట్టం చేసి, 2003లో దాన్ని ఇంకా గట్టి చేసింది. దాని ప్రకారం బిడ్డల పాలపొడికి, పాలసీసాకు ప్రకటన ఇవ్వకూడదు, తల్లులకు ఉచితంగా శాంపిల్ ఇవ్వకూడదు, డబ్బా మీద బిడ్డ బొమ్మ వెయ్యకూడదు. అందుకే టీవీలో ఆ ప్రకటనలు మనకు కనబడవు. కానీ ప్రకటన చేసే పని ఇప్పుడు మన నోళ్ళే చేస్తున్నాయి. మా చుట్టాల్లో ఒకామెకు ఆపరేషన్ అయిన రాత్రి, ఆమె ఇంకా మత్తులో ఉండగానే, ఒక నర్సింగ్ హోంలో పాలపొడి పేరు రాసిన చీటీ భర్త చేతికి ఇచ్చారట. ఆయన పరుగెత్తుకెళ్ళి కొనుక్కొచ్చాడు. మూడో రోజు ఆమెకు పాలు వచ్చేసరికి బిడ్డ సీసాకు అలవాటు పడ్డాడు. పాలు బాగా దిగడానికి రెండు మూడు రోజులు పట్టడం మామూలే అని, అంతవరకు ముర్రుపాలు కొంచెమే వచ్చినా చాలని, ఆ రాత్రి ఆయనకు ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది.

ఇప్పుడు నేను అన్నిటికంటే ముఖ్యమని అనుకునే విషయానికి వస్తాను. అది పని. పుట్టిన బిడ్డ రోజుకు 8 నుంచి 12 సార్లు పాలు తాగుతుంది. ఒక్కోసారి 20 నిమిషాలు అనుకుంటే మూడు నాలుగు గంటలు. గుడియాత్తంలో అగ్గిపెట్టెల పని, బీడీల పని ముక్క లెక్కన ఉంటుంది. వెయ్యి బీడీలకు ఇంత, గ్రోసు పెట్టెలకు ఇంత. నాలుగు గంటలు ఒడిలో బిడ్డ ఉంటే ఆ రోజు కూలిలో సగం పోయినట్టే. ఇంట్లోనే ఉండి పని చేసుకుంటుంది కదా, బిడ్డ పక్కనే ఉంటుంది కదా అని మనం అనుకుంటాం. చేతులకు పొగాకు దుమ్ము, ఒడిలో చాట, సాయంత్రానికి లెక్క అప్పజెప్పాలి. ఆ తల్లి చాట పక్కన పెట్టి, చేతులు కడుక్కొని, బిడ్డను ఎత్తుకోవాలి, రోజుకు పదిసార్లు. ఆంబూరు, రాణిపేట వైపు షూ కంపెనీలకు వెళ్ళేవాళ్ళయితే తెల్లారకముందే కంపెనీ బస్సు ఎక్కాలి, చీకటి పడ్డాక దిగాలి. బిడ్డ అవ్వ దగ్గర, సీసా బిడ్డ నోట్లో.

చట్టం లేదా అంటే ఉంది. 1961 నాటి ప్రసూతి ప్రయోజన చట్టాన్ని 2017లో సవరించి జీతంతో సెలవు 26 వారాలు చేశారు. 50 మంది, అంతకు పైన పనిచేసే చోట బిడ్డలను చూసుకునే గది ఉండాలని, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్ళి చూడొచ్చని అన్నారు. మన రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగినులకు 2011లో ఆరు నెలలు, 2016లో తొమ్మిది నెలలు, 2021లో పన్నెండు నెలలు సెలవు వచ్చింది. చాలా మంచి విషయం. కానీ లెక్క చూడండి. టీచరమ్మకు ఏడాది. కంపెనీ ఉద్యోగికి ఆరు నెలలు, అదీ కాయితం మీద పేరు ఉంటే. ఇంట్లో బీడీలు చుట్టే ఆమెకు? డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి పథకం కింద 18,000 రూపాయల సాయం ఉంది. సాయమే, కాదనను. ఆరు నెలల మీద పంచితే నెలకు 3,000, రోజుకు 100 రూపాయలు. అందులోనే మందులు, తిండి, ఇంటి బాడుగ. ఆరు నెలలు తల్లిపాలే ఇవ్వండి అని ముగ్గురికీ ఒకే పోస్టరు చూపిస్తున్నాం. ముగ్గురి చేతిలో ఉన్న టైము ఒకటి కాదు.

చోటు సంగతి కూడా ఇంతే. చీర కట్టుకున్న మన అమ్మమ్మలు పైట చాటున ఎక్కడైనా పాలిచ్చేవాళ్ళు. మా తరం చుడీదార్‌లో అది అంత సులువు కాదు. పాలివ్వడానికి వీలుగా కుట్టిన బట్టలు ఉన్నాయిగానీ అవి కొనేవాళ్ళు ఎంతమంది? కృష్ణుడికి యశోద పాలిస్తున్న క్యాలెండర్ ఇంట్లో తగిలించి దండం పెడతాం, అదే పని వేలూరు నుంచి గుడియాత్తం వచ్చే బస్సులో ఒక మనిషి చేస్తే తల తిప్పుకోం, గుచ్చి గుచ్చి చూస్తాం. లేదా, ఇది వీధిలో చేసే పనా అంటాం. 2015 ఆగస్టులో అప్పటి ముఖ్యమంత్రి జయలలిత రాష్ట్రంలో 352 బస్టాండుల్లో పాలిచ్చే గదులు తెరిపించారు. దేశంలో చాలామంది మెచ్చుకున్న పని. నేను చూసిన ఒక బస్టాండులో ఆ గదికి తాళం వేసి ఉంది. అడిగితే తాళం చెవి ఫలానా ఆయన దగ్గర ఉంది, ఆయన టీ తాగడానికి పోయాడు అన్నారు. పాలకు ఏడ్చే బిడ్డ టీ అయ్యేదాకా ఆగుతుందా? గది కట్టడం ఒక రోజు పని. దాన్ని తెరిచి ఉంచడం ప్రతి రోజూ చేసే పని. మనకు మొదటిది బాగా వస్తుంది.

మీలో కొందరు అడగొచ్చు, పాలు ఇవ్వలేని తల్లుల సంగతి ఏమిటి, ఇలాంటి రాతలు వాళ్ళను బాధపెట్టవా అని. నిజమే, పెడతాయి. జబ్బు వల్ల, మందుల వల్ల, నెలలు నిండకముందే బిడ్డ పుట్టడం వల్ల ఇవ్వలేనివాళ్ళు ఉంటారు. వాళ్ళ కోసమే తల్లిపాల బ్యాంకులు వచ్చాయి. మన దేశంలో మొదటిది 1989లో బొంబాయి సయన్ ఆస్పత్రిలో పెట్టారు, ఇప్పుడు మన రాష్ట్రంలో కూడా ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఉన్నాయి. డబ్బా పాలు తప్పనిసరి అయినవాళ్ళను ఒక్క మాట అనే హక్కు మనకు లేదు. అందుకే ఈ వ్యాసంలో నేను ఏ తల్లినీ ప్రశ్నించడం లేదు. ఇవ్వాలని ఉన్నవాళ్ళు ఎందుకు ఇవ్వలేకపోతున్నారు అని చుట్టూ ఉన్నవాళ్ళను అడుగుతున్నాను.

ఇంకొందరు అనొచ్చు, పంతొమ్మిదేళ్ళ పిల్లకు ఈ గొడవ ఎందుకు, పెళ్ళయ్యాక చూసుకోవచ్చు కదా అని. పెళ్ళయ్యాక, కాన్పు అయ్యాక, మంచం మీద పడుకొని ఉన్నప్పుడు మనం ఎవరితో వాదించగలం? అప్పుడు మాట మన చేతిలో ఉండదు. ఇప్పుడు ఉంది. పైగా ఇప్పుడు మనం అక్కలకు చెల్లెళ్ళం, వదినలకు ఆడబిడ్డలం. ఆ మంచం చుట్టూ నిలబడే మనుషులం మనమే.

మన ఊరి పేరు ప్రపంచానికి తెలిసిందే కాన్పుల కథతో. ఐడా స్కడర్ డాక్టర్ అవ్వాలని ఎందుకు అనుకుందో మనకు తెలుసు. తిండివనంలో ఒకే రాత్రి ముగ్గురు మగవాళ్ళు వచ్చి, కాన్పు కష్టమైన తమ భార్యలకు సాయం చెయ్యమని ఆ అమ్మాయిని అడిగారు. ఆమె తండ్రి డాక్టరే, ఆ ఇంట్లోనే ఉన్నారు. మగ డాక్టర్‌ను మా ఆడవాళ్ళను ముట్టుకోనివ్వం అని తిరిగి వెళ్ళిపోయారు. ముగ్గురూ చనిపోయారు. వైద్యం గుమ్మం దాకా ఉంది, ఇల్లే దాన్ని లోపలికి రానివ్వలేదు. తర్వాత ఆమె చదువుకొని వచ్చి 1900లో వేలూరులో ఒక్క మంచంతో ఆస్పత్రి మొదలుపెట్టింది. వారానికోసారి గుడియాత్తం దాకా వెళ్తూ దారిలో చెట్ల కింద ఆగి వైద్యం చేసింది. ఆ దారిలోనే ఉన్న కె.వి. కుప్పంలో 1977 నుంచి సి.ఎం.సి. వాళ్ళ రూసా కేంద్రం పల్లెల్లో పనిచేస్తోంది. నూరేళ్ళకు పైగా డాక్టర్లు మన గుమ్మం దాకా వచ్చి వాళ్ళ వంతు చేశారు. గుమ్మం లోపలిది మన వంతు.

అందుకని మూడు మాటలు అడుగుతున్నాను. మొదటిది మనలో మనకు. బాలింతను చూడ్డానికి వెళ్ళినప్పుడు పాలు సరిపోతున్నాయా అని అడగకండి. గిన్నెలు ఏమైనా తోమాలా, నీళ్ళు పట్టాలా అని అడగండి. ఇంట్లో తమ్ముళ్ళతో, అన్నలతో కూడా అడిగించండి. పొయ్యి దగ్గరికి వెళ్ళడానికి ఆడవాళ్ళ చేతులే ఉండాలని ఏ పురాణంలోనూ రాయలేదు.

రెండోది, తెలుగు శాఖకు. మన సరిహద్దు తెలుగులో, అవ్వలకు అర్థమయ్యే మాటల్లో ఒక చిన్న కరపత్రం మనమే రాయొచ్చు. ముర్రుపాలు, ఉగ్గు, చేపు లాంటి మాటలు మన దగ్గర ఉన్నాయి. ఎండకాలంలో నీళ్ళ సంగతి, బిడ్డ మూత్రం లెక్క, తల్లికి ఇవ్వాల్సిన తిండి, ఇవన్నీ ఒక పేజీలో పడతాయి. ఆస్పత్రి వాళ్ళకు చూపించి సరిచేయించి అంగన్‌వాడీలకు ఇద్దాం. మేడమ్‌లు ఒప్పుకుంటే మొదటి ప్రతి నేను రాస్తాను.

మూడోది, కాలేజీకి. డిగ్రీ అయ్యేలోపు పెళ్ళయ్యేవాళ్ళు మన క్లాసుల్లో ప్రతి ఏడూ ఒకరిద్దరు ఉంటారు. పోయిన సెమిస్టర్ పరీక్షలకు ఒక సీనియర్ అక్క మూడు నెలల బిడ్డతో వచ్చింది. వాళ్ళమ్మ బిడ్డను ఎత్తుకొని గేటు బయట చెట్టు కింద మూడు గంటలు నిలబడింది. పరీక్ష అయ్యాక అక్క పరుగెత్తుకొచ్చి ఆటోలో కూర్చొని, దుప్పట్టా కప్పుకొని పాలిచ్చింది. ఆ ఆటో అన్న కిందికి దిగి, అటు తిరిగి నిలబడ్డాడు. ఆయన ఇచ్చిన పాటి చోటు మనం ఇవ్వలేమా? పెద్ద ఖర్చు ఏమీ కాదు. కింది అంతస్తులో ఒక చిన్న గది, లోపల గడియ పడే తలుపు, ఒక కుర్చీ, ఒక ఫ్యాను, చేతులు కడుక్కోవడానికి నీళ్ళు. చదువుకునేవాళ్ళకే కాదు, మెటర్నిటీ సెలవు అయ్యి వచ్చే మేడమ్‌లకూ, ఊడ్చే అక్కలకూ పనికొస్తుంది. తాళం మాత్రం వద్దు.

అడగందే అమ్మైనా పెట్టదంటారు. ఇది అమ్మల కోసమే అడుగుతున్నాం. వచ్చే సెమిస్టర్ పరీక్షలు మొదలయ్యేలోపు ఆ గది కావాలని ప్రిన్సిపాల్ గారికి ఒక అర్జీ రాసి డిపార్ట్‌మెంట్ టేబుల్ మీద పెట్టాను. చదివి, సరేననిపిస్తే సంతకం పెట్టండి.